సీటు పట్టుకున్న చెయ్యి

అద్దె సైకిళ్ల షాపుకి బోర్డు ఉండేది కాదు. అవసరమూ లేదు. గోడ వెంబడి ఒకదాని మీద ఒకటి వాలిన సైకిళ్లు, వెనక మడ్‌గార్డుల మీద తెల్లరంగుతో 1, 2, 3 అని అంకెలు, లోపల జిడ్డోడుతున్న చెక్కబల్ల, దాని మీద దారం కట్టిన పెన్సిలుతో ఒక నోటుపుస్తకం, గోడకి గడియారం. షాపంటే అంతే. ఆ గడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తుందని ఊళ్లో పిల్లలందరి గట్టి నమ్మకం. గంటకి పావలా ఇచ్చినవాళ్లున్నారు, అర్ధరూపాయి ఇచ్చినవాళ్లున్నారు, రూపాయి కాలం వాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ రేటు చెబితే వాళ్ల వయసు అక్కడ బయటపడిపోతుంది.

"ఎవరబ్బాయివిరా నువ్వు?" అన్నదే పూచీకత్తు. తండ్రి పేరు, వీధి పేరు చెబితే పుస్తకంలో టైము రాసుకుని సైకిలు ఇచ్చేవారు. డబుల్స్ ఎక్కించుకుంటారని చాలా షాపుల్లో క్యారియరు పీకేసేవారు. బెల్లు ఉండదు. స్టాండు ఉంటే అదృష్టం. పిల్లలకి సరిపోయే చిన్న సైకిళ్లు ఒకటో రెండో ఉండేవి, ఆదివారం తెల్లారేసరికే వెళ్లిపోయేవి. మిగిలినవన్నీ పెద్దవే.

అరగంట అద్దెకి ఇద్దరు కలిసి డబ్బులేసుకోవడం మామూలు. చెరో పావుగంట. ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు వెనక పరిగెత్తాలి. ఇందులో చిక్కేమిటంటే, ఇద్దరిలో ఒకడికి అప్పటికే కాస్త వచ్చి ఉంటుంది. వాడికి ప్రతి నిమిషమూ చక్రం మీదే గడుస్తుంది. రానివాడి పావుగంట మాత్రం పడటంలో, లేవడంలో, ఊడిన చైను ఎక్కించుకోవడంలో కరిగిపోతుంది. గడియారం చూసి పంచుకుంటే ఎవరూ తప్పు పట్టలేరు కానీ రానివాడికి ఎప్పటికీ రాదు. మంచి జట్లు దీనికి ఒక ఒప్పందం చేసుకునేవి: పడిన టైము లెక్కలోకి రాదు, చైను ఊడిన టైమూ లెక్కలోకి రాదు. కొందరు గడియారాన్నే పక్కన పెట్టి "గ్రౌండు చుట్టూ నువ్వు రెండు రౌండ్లు, నేను రెండు రౌండ్లు" అనుకునేవారు. రౌండ్ల లెక్కయితే మెల్లగా వెళ్లేవాడికి నష్టం ఉండదు. బాగా వచ్చినవాడు పళ్లు కొరుక్కుంటూ వెనక పరిగెత్తేవాడు. వాడి సరదా వాడికీ ఉంటుంది మరి.

పెద్ద సైకిలంటే 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, సుమారు 20 కిలోల ఇనుము. హెర్క్యులిస్ మద్రాసు నుంచి, అట్లాస్ సోనిపట్ నుంచి, హీరో లూధియానా నుంచి, ర్యాలీ అసన్‌సోల్ నుంచి వచ్చేవి. పేర్లు వేరైనా అన్నీ పాత ఇంగ్లీషు రోడ్‌స్టర్ అచ్చులోంచి తీసినవే. బారు, అంటే సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఉండే అడ్డకమ్మి, నేల నుంచి రెండున్నర అడుగులకి పైనే ఉంటుంది. అయిదో తరగతి పిల్లవాడు దాన్ని దాటి కాలు వేస్తే అవతల నేల అందదు. అందుకని బారు పైనుంచి కాకుండా కింద నుంచి దూరడం కనిపెట్టారు. తెలంగాణలో కైంచీ అంటారు, మరికొన్ని చోట్ల కత్తెర తొక్కుడు, అడ్డతొక్కుడు. ఊరికో పేరు.

మొదటి మెట్టులో తొక్కడమే ఉండదు. సైకిలుకి ఎడమపక్క నిలబడి, ఎడమ కాలు ఎడమ పెడలు మీద ఆనించి, కుడికాలితో నేలని తన్నుకుంటూ పోవడం. రెండు తన్నులు, కాస్త జారుడు. మళ్లీ రెండు తన్నులు. జారుడు దూరం రోజురోజుకీ పెరుగుతుంది. ఈ రోజుల్లో పెడళ్లు లేని చిన్నపిల్లల సైకిళ్లని ప్రత్యేకంగా అమ్ముతున్నారే, వాటితో జరిగే పనే ఇది. ముందు నిలదొక్కుకోవడం, తర్వాతే తొక్కడం. మన ఊళ్లలో ఆ వరస ఎవరూ బోధించలేదు, ఎత్తు చాలని పిల్లలకి దానంతటదే కుదిరింది.

తర్వాత కైంచీ. ఎడమ చెయ్యి హ్యాండిలు ఎడమ పిడి మీద. కుడి చెయ్యి బారు మీదుగా వెళ్లి సీటుని చంకలో ఇరికించుకున్నట్టు పట్టుకోవాలి. కుడికాలు బారు కింద త్రికోణంలోంచి దూర్చి అవతలి పెడలు అందుకోవాలి. మొదట్లో పూర్తి చుట్టు తిరగదు. పెడలు కిందికి తొక్కి, వెనక్కి తిప్పి పైకి తెచ్చుకుని, మళ్లీ కిందికి తొక్కడం. వెనక్కి తిప్పినప్పుడల్లా ఫ్రీవీలు టకటకమంటుంది. ఆ చప్పుడు బట్టే ఇంట్లో కూర్చున్నవాళ్లకి కూడా బయట సగం తొక్కుడువాడు పోతున్నాడని తెలిసేది. కుడిపిక్క లోపలివైపు చైను ఒరుసుకుని నల్లటి పళ్ల గుర్తు పడేది. సబ్బుకి లొంగదు, కిరసనాయిలు పెట్టి తుడవాల్సిందే.

కైంచీలో పిల్లవాడి ఒళ్లంతా ఎడమపక్క వేలాడుతుంది. కాబట్టి సైకిలుని కుడిపక్కకి వంచి నడపాలి. మనిషి బరువూ సైకిలు బరువూ కలిపి, చక్రాలు నేలని తాకే గీత మీద పడితేనే నిలుస్తుంది. ఈ మాట అప్పట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒళ్లే లెక్క కట్టుకుంది. దీంతో ఒక చిత్రం జరిగేది. కైంచీలో ఆరితేరి, ఒంటిచేత్తో కూడా పోగలిగినవాడు, బారెక్కిన మొదటిరోజు తిన్నగా కుడిపక్కకి పడేవాడు. ఒళ్లు మధ్యలోకి వచ్చినా చేతులకి ఆ కుడి వంపు అలవాటు పోలేదు మరి. వచ్చిన విద్యే కొత్త విద్యకి అడ్డం. రెండు మూడు రోజుల్లో సర్దుకునేది. బారు తర్వాత సీటు. సీటు మీద కూర్చుంటే పెడళ్లు అందక, కిందికి వెళ్లిన పెడలుని బొటనవేలితో తట్టి వదిలేసి, అవతలిది పైకి వచ్చినప్పుడు నొక్కడం. నడుము అటూ ఇటూ ఊగుతూ ఉండేది.

ఇక వెనక పరిగెత్తేవాడి సంగతి. వాడిది తేలికపని అనుకుంటారు కానీ అందులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు హ్యాండిలు పట్టుకోవడం. సైకిలు పడకుండా నిలబెట్టేది హ్యాండిలే. అది నేర్పేవాడి గుప్పిట్లో ఉంటే నేర్చుకునేవాడు ఊరికే మోయించుకుంటున్నట్టు లెక్క. పక్కన నిలబడి భుజాలు పట్టుకున్నా అంతే, మనిషి వాళ్ల మీదికి వాలిపోతాడు. పట్టుకోవలసింది సీటు వెనక అంచు, కింద స్ప్రింగుల దగ్గర. నేర్పేవాడు వెనకచక్రానికి ఎడమగా, పెడలు కాలికి తగలనంత ఎడంలో ఉండాలి. చెయ్యి గట్టిగా బిగించకూడదు. సైకిలుని నిటారుగా నిలబెట్టడం వాడి పని కాదు, అటో ఇటో జానెడుకి మించి వాలకుండా చూడటమే పని. ఆ జానెడు ఊగిసలాటలోనే ముందున్నవాడి చేతులు నేర్చుకుంటాయి. పాపం పడిపోతాడేమోనని ప్రతి వంపునీ ముందే సర్దేసే అన్నయ్యలుండేవారు. వాళ్ల తమ్ముళ్లకి నెల తిరిగినా వచ్చేది కాదు. "నువ్వే చూసుకో" అని మొదటి తోపుకే వదిలేసే అన్నయ్యలూ ఉండేవారు. వాళ్ల తమ్ముళ్లు ఆ ఏడాదంతా సైకిలు ముట్టుకునేవారు కాదు.

నడక వేగంలో కొత్తవాడి సైకిలు నిలవదు. మనిషి కాస్త పరిగెత్తే వేగమైనా ఉండాలి. భయపడేవాడికి మెల్లగా నేర్పుదామనుకుంటే ఇంకా ఎక్కువ తూలుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. అందుకే కొంచెం పల్లంగా ఉన్న గట్టినేల మంచిది. ఇసుకలో ముందుచక్రం కూరుకుని తిరగదు. పచ్చికలో తొక్కడం బరువు. చెరువుకట్ట ఎంత అందంగా ఉన్నా నేర్చుకోవడానికి కాదు, రెండు పక్కలా పల్లమే.

మాటలు తక్కువుండాలి. "ఎడమకి తిప్పు, కుడికి తిప్పు" అని అరిస్తే పని చెయ్యదు. పడటం రెప్పపాటులో జరిగిపోతుంది, మాట చెవినపడి చేతికి చేరేసరికి మోకాలు నేల మీద ఉంటుంది. రెండే మాటలు చాలు. "తొక్కు", "దూరం చూడు". రెండోది మరీ ముఖ్యం. కొత్తవాడు ముందుచక్రం వైపే చూస్తాడు. లేకపోతే దేనికి భయపడుతున్నాడో దాన్నే చూస్తాడు. గ్రౌండంతా ఖాళీగా ఉండి మధ్యలో ఒక్క గేదె నిలబడి ఉంటే, సైకిలు వెళ్లి ఆ గేదెనే తాకేది. చూపు ఎక్కడుంటే భుజాలు అటు తిరుగుతాయి, భుజాలతోపాటే హ్యాండిలు. "గేదెని చూడకు" అంటే కూడా లాభం లేదు, ఆ మాటలోనే గేదె ఉంది. "ఆ వేపచెట్టు చూడు" అనాలి.

మోచేతులు కర్రల్లా బిగుసుకున్నాయంటే ఆ పూటకి మోతాదు మించిందన్నమాట. పిడుల మీద వేళ్ల కణుపులు తెల్లబడతాయి. తొక్కడం ఆగిపోతుంది. అప్పుడు ఇంకో రౌండు తిప్పాలని పట్టుపట్టేవాడికి ఎదుటివాడి సంగతి తెలియనట్టే. దింపేసి, హ్యాండిలు ఒంటిచేత్తో పట్టుకుని సైకిలుని నెట్టుకుంటూ నడవమంటే చాలు. నెట్టుకుంటూ నడవడం కూడా నేర్పుతుంది, ఎటు వంచితే చక్రం అటే తిరుగుతుందని అరచేతికి తెలుస్తుంది. చాలామంది దీన్ని పాఠం కింద లెక్కెయ్యరు.

అసలు ఏం నేర్చుకున్నామన్నది తొక్కడం వచ్చినవాడు చెప్పలేడు. "బ్యాలెన్సు" అంటాడు, అదో మాట. కళ్లతో చూడాలంటే దుమ్ముదారిలో పడ్డ చక్రాల గీతలు చూడాలి. వెనకచక్రం గీత కొంచెం తిన్నగా పోతుంది. ముందుచక్రం గీత దాన్ని అటూ ఇటూ దాటుకుంటూ, జడ అల్లినట్టు, మెలికలు తిరుగుతుంది. కొత్తవాడి జడ వెడల్పు, పాతవాడి జడ సన్నం. ఎంత ఆరితేరినవాడిదైనా పూర్తిగా గీత కాదు, చిన్న మెలిక ఉండనే ఉంటుంది. సైకిలు ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, పడే వైపుకే ముందుచక్రం తిరిగి కిందికి వచ్చి పట్టుకుంటుంది. పడుతున్న వైపుకే హ్యాండిలు తిప్పడమన్నది భయానికి ఎదురు పని. కొత్తవాడు రెండోవైపుకి తిప్పుతాడు, దబ్బున పడతాడు.

అంతకంటే వింత మలుపు. ఎడమకి తిరగాలంటే సైకిలు ముందు ఎడమకి వాలాలి. వాలాలంటే చక్రం ఒక్క క్షణం కుడికి పోవాలి. ప్రతివాడూ ఇది చేస్తాడు, చేస్తున్నట్టు ఎవడికీ తెలియదు. తడి టైరుతో సిమెంటు గచ్చు మీద మెల్లగా మలుపు తిరిగి గీతలు చూస్తే, మలుపుకి ముందు అవతలివైపు చిన్న వంపు కనిపిస్తుంది.

సైకిలు ఎందుకు నిలుస్తుందన్నది పెద్దపెద్దవాళ్లనే చాలాకాలం తిప్పలు పెట్టింది. 1899లో విపుల్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి దాని సమీకరణాలు రాశాడు. చక్రాలు తిరగడం వల్ల వచ్చే బొంగరం గుణమే కారణమని చాలామంది అనుకునేవారు. డేవిడ్ జోన్స్ అనే ఇంగ్లండు రసాయనశాస్త్రవేత్త తొక్కడానికి వీలుకాని సైకిలు చెయ్యాలని కూర్చున్నాడు. ముందుచక్రం పక్కనే ఎదురుదిక్కులో తిరిగే ఇంకో చక్రం బిగించి బొంగరం గుణాన్ని కొట్టేశాడు. అయినా తొక్కగలిగాడు. 1970లో ఆ సంగతి రాస్తూ, ముందుచక్రం నేలని తాకే చోటు హ్యాండిలు ఇరుసు గీతకి వెనకపడటమే ముఖ్యమన్నాడు. 2011లో కార్నెల్, డెల్ఫ్ట్ పరిశోధకులు ఈ రెండు గుణాలూ లేని చిన్న చక్రాల బండి చేసి వదిలితే, అదీ మనిషి లేకుండా తనంతట తాను పడకుండా పోయింది. రెండూ సాయం చేస్తాయి, ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు. పదేళ్ల పిల్లవాడు వారంలో ఒళ్లు పట్టించుకునే విద్యకి కాగితం మీద కారణం వెతకడం నూరేళ్లకి పైగా సాగిందన్నమాట.

ఆడపిల్లలకి ఇంకో చిక్కు ఉండేది, లంగా. చైనుకీ పళ్లచక్రానికీ మధ్య అంచు పడిందంటే సైకిలు అక్కడికక్కడే ఆగిపోతుంది. లాగితే చిరుగుతుంది, ఇంకా లోపలికి పోతుంది. వెనకచక్రం కొంచెం ఎత్తిపట్టి, పెడలుని చేత్తో వెనక్కి మెల్లగా తిప్పితే గుడ్డ ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది. మగవాళ్లు కుడికాలి పంట్లాముకి స్టీలు క్లిప్పు పెట్టుకునేది కూడా దీనికే. బట్ట సంగతి పక్కన పెడితే, అసలు చిక్కు వీధిలో చూసేవాళ్లు. అందుకని పెద్దవాళ్లు నిద్రపోయే మిట్టమధ్యాహ్నం ఆడపిల్లల క్లాసుగా ఉండేది చాలాచోట్ల.

ఈ చిక్కుని ఒక జిల్లా మొత్తం కలిసి విప్పిన సంగతి పక్క రాష్ట్రంలో ఉంది. 1991లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తుండగా, కలెక్టరు షీలారాణి చుంకత్ ఆడవాళ్లకి సైకిలు నేర్పడాన్ని చదువులో భాగం చేశారు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలల్లో నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం తర్వాత పదిహేను వందలమందికి పైగా హ్యాండిళ్లకి జెండాలు కట్టుకుని పట్నంలో బెల్లులు మోగించుకుంటూ తిరిగారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ దీని గురించి రాసినదాంట్లో మనసులో నిలిచిపోయే వివరం ఒకటుంది. లేడీస్ సైకిళ్లు చాలక చాలామంది జెంట్స్ సైకిళ్లే తీసుకున్నారు, కొందరు కావాలనే తీసుకున్నారు. బారు ఉంటే దాని మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు గదా! ముందు నేర్చుకున్నవాళ్లే తర్వాతివాళ్లకి నేర్పారు. నిన్న పడినవాళ్లకి పడే భయం ఇంకా గుర్తుంటుంది, మంచి గురువుకి అంతకంటే అర్హత ఏం కావాలి? ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి కూడిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. చదువు ఎటు తీసుకెళుతుందో మొదలుపెట్టినవాళ్లకి కూడా తెలియదు.

షాపులో పనిపిల్లల చదువు వేరే తీరు. మొదటి పాఠం పంచరు. టైరు ఒక పక్క అంచుని ఇనుప పట్టీలతో తప్పించి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల బేసినులో ముంచుతూ బుడగ ఎక్కడొస్తుందో చూడాలి. దొరికిన చోట గీత పెట్టుకుని, తుడిచి ఆరబెట్టి, ఆకురాయితో గరుకు చెయ్యాలి. మెరుపు పోయేదాకా రుద్దకపోతే ముక్క ఊడిపోతుంది. సొల్యూషను పలచగా రాసి ఆరనివ్వాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. తడిగా ఉండగానే అంటిస్తే ముక్క జారుతుంది. వేలికి అంటకుండా, కొంచెం పట్టినట్టుగా ఉన్నప్పుడు ముక్క వేసి, అంచుల దాకా నొక్కి, చిన్న సుత్తితో తట్టాలి. అయిపోయిందని టైరెక్కించేస్తే ఇంకో తప్పు. టైరు లోపల చేతివేళ్లు చుట్టూ తిప్పి తుమ్మముల్లు, పల్లేరుకాయ ఇంకా గుచ్చుకుని ఉందేమో చూడాలి. లేకపోతే గిరాకీ సందు మలుపు తిరక్కుండానే వెనక్కి వస్తాడు.

అసలు పంచరే కాని పంచర్లు ఉండేవి. వాల్వు లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్‌ట్యూబు. ఎండకి అది చీలితే గాలి నిలవదు. వాల్వు మూతి మీద కాస్త ఉమ్ము రాసి చూస్తే బుడగ లేచేది. దానికి టైరు విప్పి డబ్బులు తీసుకునేవాళ్లూ ఉండేవారు, ఉమ్ము రాసి చూసి కొత్త గొట్టం ముక్క తొడిగి పంపేసేవాళ్లూ ఉండేవారు. రెండోరకం షాపు దగ్గరే నలుగురు కూర్చునేవారు.

పంచరు తర్వాత ఓవరాయిలింగు. అంటే మొత్తం విప్పి, గోళీలన్నీ కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించడం. మామూలు లెక్క, ముందుచక్రం మధ్యలో ఉండే హబ్బులో పక్కకి పది చొప్పున చిన్న గోళీలు, వెనక హబ్బులో పక్కకి తొమ్మిది పెద్దవి, పెడళ్ల ఇరుసు దగ్గర పక్కకి పదకొండు. కప్పులో పట్టినన్ని నింపి ఒకటి తీసెయ్యాలన్నది మేస్త్రీల సూత్రం. ఖాళీ లేకుండా కుక్కితే ఒకదాన్నొకటి ఒరుసుకుని అరిగిపోతాయి. ఇరుసు మీద గోళీలని నొక్కిపట్టే కోను మరీ బిగిస్తే చక్రం బరువుగా తిరుగుతుంది, వదులైతే ఊగుతుంది. చక్రాన్ని ఎత్తి వదిలేస్తే వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి, వాల్వు కిందికి వచ్చి ఆగాలి. అప్పుడు కోను సరిగ్గా కుదిరినట్టు. నేర్చుకునేవాడికి చివర్లో రేకుడబ్బాలో ఒక గోళీ మిగిలిపోతే గుండె జారేది. మంచి మేస్త్రీ తిట్టడు, "ఎక్కడిదో నువ్వే చెప్పు" అని బీడీ ముట్టించుకుంటాడు. కొట్టి నేర్పేవాళ్లు లేకపోలేదు. అక్కడ నేర్చుకున్నవాళ్లకి పనితోపాటు గోళీని గుట్టుగా మురిక్కాలవలో పడెయ్యడం కూడా వచ్చేది.

అన్నిటికంటే కష్టం బెండు తీయడం, అంటే వంకరపోయిన రిమ్ముని తిన్నగా చెయ్యడం. ముందుచక్రానికి 32, వెనకచక్రానికి 40 స్పోకులు. రిమ్ము ఎడమకి పోయిందంటే అక్కడ కుడివైపు స్పోకుల్ని బిగించాలి, ఎడమవాటిని అంతే వదులు చెయ్యాలి, ఒక్కోసారి పావుచుట్టు. తొందరపడి ఒక్కచోటే అరచుట్టు తిప్పితే బెండు అక్కడ పోయి ఇంకోచోట లేస్తుంది. కొత్తవాళ్లు బిగించుకుంటూనే పోతారు, వదులు చెయ్యడం తోచదు. చివరికి రిమ్ము గుండ్రం తప్పి కోడిగుడ్డవుతుంది. తెలిసినవాళ్లు స్పోకుని గోటితో మీటి చప్పుడు వింటారు. వదులుది బొయ్యిమంటుంది, బిగువుది టింగుమంటుంది. దీన్ని ఏ పుస్తకం చెప్పినా చెవి వినేదాకా రాదు. అందుకే పాడైపోయిన పాత రిమ్ము ఒకటి పనిపిల్లలకి వదిలేసేవారు, ఏం చేసుకుంటారో చేసుకోమని.

అద్దె షాపులు పోయాయి, నేర్పే పని పోలేదు. ఇప్పుడు ఇంట్లో పిల్లకో, నలభై ఏళ్లొచ్చినా రాని పెద్దమనిషికో నేర్పాలంటే దగ్గరిదారి ఒకటుంది. పెడళ్లు రెండూ విప్పేసి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేంతగా సీటు దించెయ్యాలి. చాలా సైకిళ్లకి 15 నంబరు స్పానరు సరిపోతుంది. జాగ్రత్త, ఎడమ పెడలుకి మర ఎదురు. కుడిది మామూలుగా అపసవ్యంగా తిప్పితే ఊడుతుంది, ఎడమది సవ్యంగా తిప్పాలి. ఇది తెలియక బలం పెట్టి మర చెడగొట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తర్వాత కూర్చుని, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవడమే. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ చేసిన మొట్టమొదటి రెండు చక్రాల బండి కూడా ఇలా తన్నుకుంటూ పోయేదే. మూడు నాలుగు అంగల తర్వాత రెండు కాళ్లూ ఎత్తి పది గజాలు జారగలిగితే పెడళ్లు బిగించొచ్చు. పెద్దవాళ్లకి పిల్లల కంటే భయం ఎక్కువ, ఎత్తు నుంచి పడతామని కాదు, ఎవరైనా చూస్తారని. కాబట్టి చోటు ఎంచేటప్పుడు నేల కంటే ముందు చుట్టుపక్కల మేడలు చూసుకోవాలి. పక్కనుండి వీడియో తియ్యకపోవడం కూడా నేర్పడంలో ఒక భాగమే.

సీటు ఎప్పుడు వదలాలన్న దాని మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. "పట్టుకునే ఉన్నా, పట్టుకునే ఉన్నా" అని వెనక నుంచి అరుస్తూ ఎప్పుడో వదిలేసి ఉండటం పాత పద్ధతి. అది ఒక్కసారే పనిచేస్తుంది. గొంతు దూరం నుంచి వస్తోందని తెలియగానే తొక్కేవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. తల తిరిగితే భుజం, భుజంతో హ్యాండిలు, ఆ తర్వాత నేల. పైగా రేపటి నుంచి ఆ మాటని నమ్మడు. "ఈ రౌండులో ఎక్కడో ఒకచోట వదిలేస్తా, ఎక్కడన్నది చెప్పను, నువ్వు వేపచెట్టే చూడు" అని ముందే చెప్పడం నయం. అబద్ధమూ లేదు, తిరిగి చూడాల్సిన పనీ లేదు.

ఇక ఆ చోటు ఏదన్నది అరచేతికే తెలియాలి. మొదట్లో సీటు అరచేతిని ఎడమకి తోస్తుంది, కుడికి లాగుతుంది. వాలినప్పుడల్లా సగం బరువు చేతి మీద పడుతుంది. రౌండ్లు గడిచేకొద్దీ తోపు తగ్గుతుంది. ఒక దశలో తోలు వెచ్చదనం, స్ప్రింగుల సన్నటి అదురు తప్ప ఏ పక్క బరువూ చేతికి తగలదు. ముందున్నవాడి మోచేతులు వంగి ఉంటాయి, పెడలు ఆగదు. ఇంకో నాలుగడుగులు ఉత్తినే వెంట పరిగెత్తి వేళ్లు తెరిస్తే సరి. సైకిలుకి తేడా తెలియదు. నేర్పేవాడు ఆయాసపడుతూ నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోతాడు, సైకిలు వేపచెట్టు వైపు చిన్నదైపోతుంది. బ్రేకు ఎలా పట్టాలో, ఎలా దిగాలో ఇంకా చెప్పనేలేదని అప్పుడు గుర్తొస్తుంది.